గింజలు పోస్తే కాఫీ ఇచ్చే మెషీన్: అమ్మ కోసం ఎలా ఎంచుకున్నానంటే

ముందు ఈ సౌండ్ ఒక్కసారి వినండి. గర్‌ర్‌ర్ మని ఒక ఎనిమిది సెకన్లు, తర్వాత టక్కుమని ఒక చప్పుడు, ఆ తర్వాత పంపు మూలుగు. ఈమధ్య మా ఇంట్లో పొద్దున్న ఐదున్నరకి ఇదే సుప్రభాతం. గింజలు పైన పోసి, నీళ్లు పక్కన పోసి, ఒక్క బటన్ నొక్కితే కప్పులోకి కాఫీ వచ్చే మెషీన్ ఇది. బీన్ టు కప్ అంటారు. ఇలాంటిది ఇంటికి కొనాలంటే ఏం చూడాలి, దేన్ని పట్టించుకోనక్కర్లేదు అనేదే ఇవాళ్టి ఎపిసోడ్. కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఎందుకంటే ఇది వెయ్యి రూపాయల వస్తువు కాదు. నలభై యాభై వేలు పెట్టి, ఆర్నెల్ల తర్వాత గుడ్డ కప్పి మూలన పెట్టిన వాళ్లు నాకే ముగ్గురు తెలుసు.

అసలు నేనెందుకు కొన్నానో ముందు చెప్తాను. స్టైల్ కోసం కాదు. మా అమ్మకి 62 ఏళ్లు, రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉంది. పొద్దున్న లేచాక గంట, గంటన్నర దాకా వేళ్లు సరిగ్గా ముడుచుకోవు. మీకు స్టీలు ఫిల్టర్ తెలుసు కదా, పై గిన్నె కింది గిన్నెలో బిగుసుకుపోతుంది ఒక్కోసారి. అది విడదీయబోయి ఒకరోజు వేడి డికాషన్ మణికట్టు మీద పోసుకుంది. ఆ తర్వాత ఫిల్టర్ పై అరలోకి వెళ్లిపోయింది, ఇన్‌స్టంట్ పొడి వచ్చింది. అడిగితే "ఇదే బాగుందిరా, సులువు" అంటుంది. సగం తాగి మిగతాది సింకులో పారబోయడం నేను రెండుసార్లు చూశాను. నలభై ఏళ్లు రోజూ పొద్దున్నే తన కాఫీ తను కలుపుకున్న మనిషి. నేను లేచి కలిపివ్వొచ్చు, ఇచ్చాను కూడా. కానీ ఆవిడ లేచేది ఐదింటికి, నేను లేచేది... సరే, ఆ సంగతి వదిలేయండి. ఆవిడకి కావాల్సింది ఎవరో ఇచ్చే కాఫీ కాదు, ఎవర్నీ లేపకుండా తను చేసుకోగలిగే కాఫీ. కాబట్టి నేను వెతికింది బలం పెట్టాల్సిన పని లేని మెషీన్ కోసం. ఆ కళ్లతో చూస్తే షాపులో చెప్పే ఫీచర్లలో సగం ఎందుకూ పనికిరావు.

లోపల ఏం జరుగుతుందో రెండు ముక్కల్లో. పైన డబ్బాలో గింజలు. కింద చిన్న గ్రైండర్, అంటే రెండు పళ్ల చక్రాలు. బటన్ నొక్కగానే ఒక కప్పుకి సరిపడా, మెషీన్‌ని బట్టి 7 నుంచి 11 గ్రాముల దాకా, గింజలు పొడి అవుతాయి. ఆ పొడి బ్రూ గ్రూప్ అనే భాగంలో పడుతుంది. అది పొడిని నొక్కి బిళ్లలా చేస్తుంది. చిన్న హీటర్‌లోంచి 90 డిగ్రీలు దాటిన నీళ్లని పంపు ఒత్తిడితో అందులోంచి తోస్తుంది. కాఫీ కప్పులోకి, పిప్పి బిళ్ల వెనక డబ్బాలోకి. మన ఫిల్టర్‌లో భూమ్యాకర్షణ చేసే పనిని ఇక్కడ పంపు చేస్తుంది, అంతే తేడా. ఫిల్టర్‌లో చుక్క చుక్కగా పావుగంట పట్టేది ఇక్కడ అరనిమిషంలో అయిపోతుంది. ఇదేం నిన్నమొన్నటి ఐడియా కాదు. ఇటలీలో సేకో అనే కంపెనీ 1985లోనే ఇళ్ల కోసం ఇలాంటిది తీసుకొచ్చింది. ఆ సేకోని 2009లో ఫిలిప్స్ కొనేసింది. ఇవాళ ఫిలిప్స్ పేరు మీద కనిపించే ఈ మెషీన్ల వెనక ఉన్నది ఆ వంశమే.

ఇప్పుడు అసలు ప్రశ్న. మన డికాషన్ దీంట్లో వస్తుందా? రాదు. ఈ మాట షాపులో ఎవరూ చెప్పరు. మనం "ఫిల్టర్ కాఫీ" అనుకునే రుచిలో పెద్ద భాగం చికోరీది. చికోరీ కాఫీ గింజ కాదు, ఒక మొక్క వేరు. దాన్ని వేయించి పొడి చేస్తారు. మన దేశంలో కాఫీ, చికోరీ మిశ్రమంలో చికోరీ 49 శాతం దాకా ఉండొచ్చు, ఎంతుందో ప్యాకెట్ మీద వేయాలి. ఒకసారి మీ ఇంట్లో ప్యాకెట్ తిప్పి చూడండి, ఆశ్చర్యపోతారు. ఆ చిక్కదనం, ఆ నలుపు, ఆ కొంచెం తీపి కలిసిన చేదు... గింజల మెషీన్‌లో అది రాదు, ఎందుకంటే గింజల్లో చికోరీ ఉండదు.

చాలా మెషీన్లకి పైన ఒక చిన్న మూత ఉంటుంది, అప్పటికే పొడి చేసిన కాఫీ ఒక స్పూన్ వేసుకోవడానికి. "అయితే అందులో మన ఫిల్టర్ పొడి వేసేస్తే?" అని నాక్కూడా తెలివి వచ్చింది. వేశాను. చికోరీ తడవగానే జిగురుగా అవుతుంది. పంపు గట్టిగా మూలిగింది, కాఫీ బొట్లు బొట్లుగా పడింది, లోపలంతా నల్ల పేస్టు. కడగడానికి అరగంట పట్టింది. ఇన్‌స్టంట్ పొడి అయితే అసలు వేయకూడదు, అది లోపలే కరిగి గడ్డకడుతుంది. ఆ మూత చికోరీ లేని కాఫీ పొడికి మాత్రమే.

మరి అమ్మకి ఆ రుచి ఎలా? ఆ సంగతి పాల దగ్గర చెప్తాను.

దానికంటే ముందు నేను చేసిన తప్పు ఒకటి. మా బావ డాలస్‌లో ఉంటాడు. "కొత్తదెందుకురా, నా దగ్గర ఒకటుంది, ఇండియా వచ్చేటప్పుడు తెచ్చేస్తా" అన్నాడు. సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి, ఎయిర్‌పోర్టులో తిప్పలు పడి తెచ్చాడు పాపం. వెనక స్టిక్కర్ చూస్తే 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మన కరెంటు 230 వోల్టులు, 50 హెర్ట్జ్. నేరుగా పెడితే కాలిపోతుందని తెలుసు కాబట్టి ఇంట్లో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్‌కి తగిలించాం. అది 500 వాట్లది, మెషీన్‌కి కావాల్సింది 1,400 దాటి. రెండు నిమిషాల్లో వాసన, తర్వాత పొగ. ట్రాన్స్‌ఫార్మర్ పోయింది, అదృష్టం కొద్దీ ఇల్లు మిగిలింది.

సరే, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కొంటే? అది వోల్టేజీని మారుస్తుంది కానీ హెర్ట్జ్‌ని మార్చదు. ఈ మెషీన్లలో ఉండేది ఎక్కువగా వైబ్రేషన్ పంపు, కరెంటు తాళానికి అది కొట్టుకుంటుంది. 60కి తయారుచేసినదాన్ని 50 మీద నడిపితే దాని లెక్క తప్పుతుంది. పైగా ఇక్కడ వారంటీ ఉండదు. కాబట్టి అమెరికా నుంచి మనవాళ్లు ఫోన్లు తేవచ్చు, విటమిన్లు తేవచ్చు, ఇది మాత్రం వద్దని చెప్పండి. అక్కడే ఉండేవాళ్లు అక్కడ హాయిగా వాడుకోవచ్చు, అది వేరే విషయం. మా బావ దాన్ని తిరిగి మోసుకెళ్లాడు. మా అక్క ఇప్పటికీ ఆ విషయం ఎత్తుతుంది.

కరెంటు మాటొచ్చింది కాబట్టి ఇది కూడా. 1,500 వాట్ల మెషీన్ 230 వోల్టుల మీద దాదాపు ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. మన గోడకుండే చిన్న సాకెట్ 6 ఆంపియర్లది. పక్కన ఫ్రిజ్‌కో ఓవెన్‌కో ఇచ్చే పెద్ద సాకెట్, 16 ఆంపియర్లది, అక్కడే పెట్టాలి. ఫోన్ ఛార్జర్లు గుచ్చే ఎక్స్‌టెన్షన్ బాక్సుకి పెట్టొద్దు.

ఇక సైజు. "కాంపాక్ట్" అనే మాటని నమ్మకండి, టేపు తీసుకోండి. మా ఫ్లాట్‌లో కిచెన్ గట్టు రెండడుగుల వెడల్పు, అంటే 60 సెంటీమీటర్లు. దాని మీద పై కబోర్డుకి మధ్య 50 సెంటీమీటర్లు. మెషీన్ ఎత్తు 37 అంటే సరిపోతుందనుకుంటాం. కానీ గింజల మూత పైకి తెరుచుకుంటుంది. గింజలు పోయడానికి చెయ్యి పట్టాలి. కొన్నిటికి నీళ్ల ట్యాంకు పైకే లాగాలి, అలాంటప్పుడు ఆ 13 సెంటీమీటర్లు చాలవు, ప్రతిసారీ మెషీన్‌ని ముందుకు లాక్కోవాలి. ఏడెనిమిది కిలోల వస్తువుని మా అమ్మ లాగలేదు. కొన్నిటికి పక్క తలుపు తెరిచి బ్రూ గ్రూప్ బయటికి తీయాలి, అంటే ఆ పక్కన గోడో గ్యాస్ స్టవ్వో ఉండకూడదు. కాబట్టి వెడల్పు కంటే ముందు అడగాల్సింది: నీళ్లు ఎటునుంచి, పిప్పి ఎటునుంచి, బ్రూ గ్రూప్ ఎటునుంచి? మూడూ ముందునుంచో, లేదా మీకు ఖాళీ ఉన్న వైపునుంచో రావాలి.

వెడల్పు విషయంలో అయితే, మెలిట్టా సోలో అనే జర్మన్ మెషీన్ 20 సెంటీమీటర్లే ఉంటుంది. నేను చూసినవాటిలో అంత సన్నగా ఉన్నవి తక్కువ. పాలతో దానికి సంబంధం లేదు, నల్ల కాఫీ మాత్రమే. మామూలుగా దొరికే చిన్న మెషీన్లు, ఫిలిప్స్ 2200 సిరీస్, డెలాంగీ మాగ్నిఫికా ఎస్ లాంటివి, 24 సెంటీమీటర్ల చుట్టుపక్కల ఉంటాయి. లోతు మాత్రం 43 దాకా పోతుంది. వెనక వైరుకి, గాలికి ఇంకో నాలుగైదు వేసుకోండి. గట్టు మీద వెడల్పు తినేది మెషీన్ కాదు, దాని పక్కన చేరే గింజల డబ్బా, కప్పులు, గుడ్డ. వాటికీ చోటు లెక్కేసుకోండి. నేను ఒక అట్టపెట్టెని ఆ కొలతలకి కోసి రెండు రోజులు గట్టు మీద పెట్టాను. అమ్మ మొదటిరోజే దాన్ని మిక్సీ వైపు నుంచి సింకు వైపుకి మార్పించింది. అది మంచి పని, ఎందుకంటే నీళ్లు పారబోసే పని రోజుకి ఎన్నిసార్లు ఉంటుందో నాకప్పుడు తెలీదు.

ఇప్పుడు పాలు. మన ఇళ్లల్లో కథంతా ఇక్కడే ఉంది.

ధర పెరుగుతూ పోయేది పాల దగ్గరే. అన్నిటికంటే కింద, ఒక స్టీమ్ పైపు మాత్రమే ఉంటుంది, దాంతో మనమే పాలు నురగ తెప్పించుకోవాలి. దాని పైన, పాల డబ్బా తగిలిస్తే తనే కాపుచినో చేసేవి. ఫిలిప్స్‌లో లాటేగో అని ఒకటుంది, రెండే ముక్కలు, ట్యూబులు ఉండవు, కుళాయి కింద పెడితే కడిగేయొచ్చు. డెలాంగీ వాళ్ల పాల జగ్గులు తీసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. సన్నటి ట్యూబు పాల ప్యాకెట్‌లో ముంచే రకాలూ ఉన్నాయి, వాటిని మాత్రం రోజూ శుభ్రం చేయకపోతే మన వేసవిలో రెండో రోజుకే పులిసిన వాసన.

ఇవన్నీ తయారైంది ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలకి. పాలలో ప్రొటీన్ వల్ల నురగ వస్తుంది, చల్లగా ఉన్నప్పుడు మొదలుపెడితే మెషీన్‌కి నురగ చేసే టైం దొరుకుతుంది. మనమేమో పాలు కాచి, మీగడ కట్టాక వాడతాం. ఆ మీగడ తునక ఒక్కటి సన్నటి దారిలో ఇరుక్కుంటే చాలు. మీరు కాచిన పాలే వాడతామంటే వడగట్టి, పూర్తిగా చల్లార్చి వాడండి.

రెండోది, ఇంకా పెద్దది: వేడి. ఈ మెషీన్లు పాలని 60, 65 డిగ్రీల దగ్గర ఆపేస్తాయి, ఎందుకంటే అంతకు మించితే నురగ చెడుతుంది, రుచి మారుతుంది. ఇటలీ వాళ్లకి అది సరైన వేడి. మా అమ్మకి? డెమో చూడ్డానికి షాపుకి తీసుకెళ్లాను. అక్కడి అబ్బాయి చక్కగా నురగతో కాపుచినో ఇచ్చాడు. అమ్మ ఒక గుక్క తాగి, మర్యాదగా నవ్వి, బయటికొచ్చాక అంది: "చల్లారిపోయిన కాఫీ ఇచ్చాడేంట్రా?" పొగలు రాకపోతే మనకి అది కాఫీ కాదు కదా.

నాకు సమాధానం అక్కడే దొరికింది. పాలు స్టవ్ మీద కాచుకోవడం అమ్మకి కష్టం కాదు. చిన్న గిన్నె, పిడి ఉన్నది, లైటర్ నొక్కడం అంతే. ఆవిడ చేయలేనిది డికాషన్ దించడం. కాబట్టి మెషీన్ నుంచి చిక్కటి కాఫీ మాత్రమే తీసుకుని, పాలు మామూలుగా స్టవ్ మీద మరిగించి కలుపుకుంటే? పాల సిస్టం అక్కర్లేదు. ధర తగ్గింది, సైజు తగ్గింది, కడిగే పని సగం పోయింది. పదిహేను రకాల డ్రింకులు, రంగుల స్క్రీను అన్నీ లిస్టులోంచి కొట్టేశాను. మీ ఇంట్లో కూడా అందరూ పాలు మరిగించి తాగేవాళ్లే అయితే, కాపుచినో బటన్‌కి పదివేలు ఎక్కువ పెట్టే ముందు ఒకసారి ఇది ఆలోచించండి. మీరు నిజంగా కాపుచినో, లాటే ఇష్టపడేవాళ్లయితే మాత్రం స్టీమ్ పైపుతో రోజూ కుస్తీ పడకండి, లాటేగో లాంటిదే తీసుకోండి. స్టీమ్ పైపు వారం రోజులు సరదా, ఆ తర్వాత చాకిరీ.

చికోరీ సంగతి చెప్తానన్నాను కదా. విడిగా చికోరీ పొడి దొరుకుతుంది. పాలు మరిగేటప్పుడు చిటికెడు వేసి, వడగట్టి, అందులో మెషీన్ కాఫీ కలపడం. ఇది అమ్మ కనిపెట్టిందే, నేను కాదు. అచ్చం ఫిల్టర్ కాఫీ అని నేననను. ఆవిడ కూడా అనదు. "దగ్గరికొచ్చింది" అంటుంది.

సరే, షాపులో మిమ్మల్ని ఊపేసే మాటలు రెండు మూడు ఉన్నాయి, త్వరగా చెప్పేస్తాను. 15 బార్, 19 బార్ ప్రెషర్ అంటారు. ఎస్ప్రెసోకి కావాల్సింది 9 బార్ దగ్గర. డబ్బా మీద రాసేది పంపు గరిష్ఠంగా ఎంత తోయగలదో. అది ఎక్కువుంటే కాఫీ బాగుంటుందని కాదు. సిరామిక్ గ్రైండరా, స్టీలా? ఇంటి వాడకానికి రెండూ సరిపోతాయి. గింజల్లో రాయి వస్తే రెండిటికీ ప్రమాదమే. యాప్‌తో ఫోన్ నుంచి కాఫీ చేసుకోవచ్చు అంటారు. కప్పు కింద పెట్టడానికి ఎలాగూ లేవాలి కదా బాస్.

కానీ ఒక్క తేడా మాత్రం నిజంగా పట్టించుకోవాలి: బ్రూ గ్రూప్ బయటికి వస్తుందా, రాదా. ఫిలిప్స్, డెలాంగీల్లో అది బయటికి వస్తుంది. వారానికోసారి తీసి కుళాయి కింద కడగొచ్చు. సబ్బు పెట్టకూడదు, దాని మీదున్న గ్రీజు పోతుంది. అప్పుడప్పుడూ ఆ కదిలే చోట్ల, వాషర్ల మీద సిలికాన్ గ్రీజు కొద్దిగా రాయాలి. స్విట్జర్లాండ్ వాళ్ల జురాలో అయితే బ్రూ గ్రూప్ లోపలే ఉంటుంది, మనం తీయలేం. మాత్ర వేస్తే తనే కడుక్కుంటుంది. చేతికి పని తక్కువ, కానీ మెషీన్ ఖరీదు చాలా ఎక్కువ, మాత్రలు కొంటూ ఉండాలి, లోపల ఏదైనా అయితే సర్వీస్ వాళ్లే దిక్కు. మన ఉక్కలో, ముఖ్యంగా వానాకాలంలో, తడి పిప్పికి బూజు పట్టడానికి రెండు మూడు రోజులు చాలు. కళ్లతో చూసి కడగ్గలిగితేనే నాకు నిద్ర పడుతుంది. అమ్మ వేళ్లకి ఆ క్లిప్పు నొక్కడం కష్టం, అందుకని అది ఆదివారం నా డ్యూటీ. ఇది కొనేముందే ఒప్పుకున్నాను. మీ ఇంట్లో ఆ డ్యూటీ ఎవరిదో ముందే తేల్చుకోండి.

సంక్రాంతికి ఊరెళ్లేముందు పిప్పి డబ్బా, నీళ్ల ట్యాంకు, కింది ట్రే మూడూ ఖాళీ చేసి ఆరబెట్టి వెళ్లండి. నేను మొదటిసారి మర్చిపోయాను. తిరిగొచ్చాక డబ్బా తీస్తే తెల్లటి దూదిలాంటిది, పైన పచ్చగా. ఫోటో పెట్టను, భోజనం చేస్తూ చూసేవాళ్లు ఉంటారు.

నీళ్లు. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్‌కి వేసవి వస్తే బోరు నీళ్లే ఎక్కువ. బకెట్ అంచున తెల్లగా కట్టే ఉప్పు చూసే ఉంటారు. ఆ కాల్షియం, మెగ్నీషియం వేడి తగలగానే హీటర్ గోడలకి పట్టేస్తాయి. గీజర్‌లో కాయిల్ గతి ఏమవుతుందో ఇక్కడా అదే, కాకపోతే ఇక్కడ దారి చాలా సన్నం. మెషీన్‌తో పాటు ఒక చిన్న కాగితం స్ట్రిప్ ఇస్తారు, నీళ్లలో ముంచితే రంగు గళ్లు మారతాయి. ఎన్ని మారాయో చూసి, ఆ కాఠిన్యం లెక్కని మెషీన్ సెట్టింగ్‌లో పెట్టాలి. దాన్నిబట్టే ఉప్పు వదిలించమని ఎప్పుడు లైటు వెలిగించాలో దానికి తెలుస్తుంది. చాలామంది ఆ స్ట్రిప్‌ని కవర్‌తో పాటు పారేస్తారు. లైటు వెలిగితే వాయిదా వేయకండి. కంపెనీ చెప్పిన ద్రావణమే వాడండి. వెనిగర్ పోసేస్తే సరిపోతుందని సలహా ఇచ్చేవాళ్లుంటారు, అది రబ్బరు వాషర్లకి మంచిది కాదు, వాసన కూడా ఒక పట్టాన పోదు. మేం తాగే నీళ్లే పోస్తున్నాం, ఫిల్టర్ నుంచి వచ్చినవి. అయినా లైటు వెలిగినప్పుడల్లా ఆ నలభై నిమిషాల పని చేస్తాను.

గింజల దగ్గర ఒక్క హెచ్చరిక. నల్లగా, నూనె కారుతూ మెరిసే గింజలు చూడ్డానికి ఘాటుగా అనిపిస్తాయి. ఈ మెషీన్లకి అవి శత్రువులు. డబ్బా గోడలకి అతుక్కుని కిందికి జారవు, గ్రైండర్‌లో జిడ్డు పేరుకుంటుంది. చక్కెర పట్టించినవి, వెనిల్లా, హేజల్‌నట్ పూసినవి అసలు వద్దు. మధ్యస్థంగా వేయించి, పొడిగా ఉన్నవి తీసుకోండి. ప్యాకెట్ మీద ఎక్స్‌పైరీ కాదు, వేయించిన తేదీ చూడండి. నెలలోపుది దొరికితే మంచిది. మన అరకు అరబికాకి 2019లో జీఐ గుర్తింపు వచ్చింది, చిక్‌మగళూరు, కూర్గ్ వాటికి కూడా అదే ఏడాది. నల్లగా తాగేవాళ్లకి అరకు చాలా బాగుంటుంది. కానీ చిక్కటి పాలు పోస్తే ఆ సున్నితం మునిగిపోతుంది. పాలకి నిలబడాలంటే కొంచెం రొబస్టా కలిసినది కావాలి. రొబస్టా అంటే చిన్నచూపు చూస్తారు గానీ మన దేశంలో పండేదాంట్లో ఎక్కువ అదే, కెఫీన్ దాదాపు రెట్టింపు, పాలలో కూడా కాఫీ అనిపించేది అదే.

మొదటిరోజు కాఫీ నీళ్లలా వస్తే మెషీన్ పాడని తిప్పి పంపకండి. కంపెనీ నుంచి వచ్చేటప్పుడు గ్రైండర్ గరుగ్గా సెట్ అయి ఉంటుంది. గింజల డబ్బాలో ఉండే మర తిప్పి సన్నం చేసుకోవాలి, అది కూడా గ్రైండర్ తిరుగుతున్నప్పుడే, ఒక్కో గీత చొప్పున. ఆగి ఉన్నప్పుడు బలవంతంగా తిప్పితే విరుగుతుంది. మార్పు రెండు మూడు కప్పుల తర్వాతే తెలుస్తుంది, ఎందుకంటే పాత పొడి ఇంకా దారిలో ఉంటుంది. ఇంకోటి, ఆన్ చేసినప్పుడు ఆఫ్ చేసినప్పుడు అది తనే కొన్ని నీళ్లు వదిలి కడుక్కుంటుంది. లీకేజీ అని కంగారుపడకండి. ట్రే రోజూ నిండేది అందుకే.

డబ్బు లెక్క. ఉదాహరణకి పావుకిలో గింజలు 500 రూపాయలు అనుకోండి. కప్పుకి 9 గ్రాములైతే 27, 28 కప్పులు. అంటే కప్పు 18 రూపాయలు, పాలు కాకుండా. కేఫ్‌లో 200 పెట్టే అలవాటుంటే ఇది లాభమే. కానీ ఇంట్లో ఫిల్టర్ కాఫీ తాగేవాళ్లకి ఇది ఎప్పటికీ లాభం కాదు, ఖర్చే. ఆ నిజం తెలిసే కొనండి. ఫిల్టర్ పని ఇష్టంగా చేసుకోగలిగే చేతులున్నవాళ్లకి నేనీ మెషీన్ చెప్పను. అందులో రుచికి రుచి, డబ్బుకి డబ్బు. ఈఎంఐలో కొంటున్న ఇరవై అయిదేళ్ల తమ్ముళ్లకి కూడా అదే మాట: ముందు ఆరు వందల ఫిల్టర్‌తో ఆరు నెలలు తాగండి. ఆ తర్వాత కూడా కావాలనిపిస్తే అప్పుడు చూద్దాం.

కొనే ముందు మీ ఊళ్లో ఆ కంపెనీ సర్వీస్ సెంటర్‌కి ఒక ఫోన్ చేయండి. "నీళ్ల పంపు పోతే ఎన్నిరోజులు?" అని అడగండి. నేనడిగితే ఒకచోట "మెషీన్ వేరే రాష్ట్రానికి పంపాలి సార్, మూడు నాలుగు వారాలు" అన్నారు. డిస్కౌంట్ బాగుంది, అయినా వదిలేశాను. ఖాళీ అట్టపెట్టె పారేయకండి, పంపాల్సి వస్తే అదే కావాలి.

చివరికి మా ఇంటికొచ్చింది ఫిలిప్స్ 2200 సిరీస్‌లో పాల డబ్బా లేని మోడల్. నీళ్లు 1.8 లీటర్లు, గింజలు 275 గ్రాములు పడతాయి, గ్రైండర్‌కి 12 గీతలు. నిండు ట్యాంకు ఎత్తితే దాదాపు రెండు కిలోలు, అమ్మ ఎత్తకూడదు, అందుకే రాత్రి పడుకునే ముందు నేనే నింపి పెడతాను. బటన్లు నొక్కనక్కర్లేదు, వేలు తాకిస్తే చాలు. ఎస్ప్రెసో మీద ఒక చిన్న ఎర్ర స్టిక్కర్ అంటించాను, గుర్తుకి. ఘాటు ఫుల్లు, పరిమాణం 60 మిల్లీలీటర్లు, ఒకసారి పెట్టేశాం. స్టీలు గ్లాసు కింద పట్టింది, గొట్టం కాస్త పైకి జరిపితే. కొనేటప్పుడు మీరు తాగే గ్లాసుని బ్యాగులో వేసుకెళ్లి పెట్టి చూడండి, సిగ్గుపడక్కర్లేదు.

మొదటి వారం అమ్మ దాన్ని ముట్టుకోలేదు. "పాడైతే యాభై వేలురా" అంది. రెండో వారం ఒకరోజు నాకు ఐదున్నరకి మెలకువ వచ్చింది, ఆ గర్‌ర్‌ర్ సౌండ్‌కి. నేను లేవలేదు. వంటింట్లో లైటు వేసి ఉంది, పాలు పొంగే ముందు స్టవ్ తగ్గించిన చప్పుడు వినిపించింది. కాసేపటికి ఇంకోసారి గర్‌ర్‌ర్. రెండో గ్లాసు.

ఇప్పుడు నాకున్న కంప్లైంట్ ఒక్కటే, ఆ సౌండ్‌కి మా పాప కూడా లేచిపోతోంది. మెషీన్ కింద పెట్టడానికి రబ్బరు మ్యాట్ ఒకటి ఆర్డర్ పెట్టాను, తగ్గుతుందో లేదో చూడాలి. అదిగో, ట్రే నిండిందని లైటు వెలిగింది. పారబోసి వస్తాను. ఉంటాను ఫ్రెండ్స్.